రంగుల నుంచి రెసిన్ దాకా: ఇంట్లో బొమ్మలు, చేతిపనులు చేసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

నీటిరంగులతో మొదలుపెట్టి అక్రిలిక్‌కి, అక్కడి నుంచి చీర కొంగుకి, చివరికి పోస్తే గాజులా గట్టిపడే రెసిన్‌కి పాకడం ఈ సరదా ఉన్న చాలామందికి అలవాటే. ఒకచోట బాగా పనిచేసిన పద్ధతి ఇంకోచోట బెడిసికొట్టినప్పుడే సందేహాలు మొదలవుతాయి. ఎక్కువగా వచ్చేవి ఇవి.

వాటర్ కలర్, పోస్టర్ కలర్, అక్రిలిక్, ఆయిల్: అన్నీ రంగులే కదా, అసలు తేడా ఎక్కడ?

బంకలో. రంగుపొడి చాలావరకు ఒకటే. అల్ట్రామెరైన్ నీలం నీటిరంగు ట్యూబు మీదా, నూనెరంగు ట్యూబు మీదా పీబీ 29 అనే గుర్తే ఉంటుంది. ఆ పొడిని కాగితానికో గుడ్డకో అతికించి పట్టుకునే పదార్థం మాత్రం వేరు.

నీటిరంగులో ఉండేది గమ్ అరబిక్, తుమ్మజాతి చెట్టు బంక. ఎండాక కూడా నీళ్ళు తగిలితే కరుగుతుంది. గౌష్‌లోనూ అదే బంక, కాకపోతే పొడి ఎక్కువ, అందుకే కింది రంగును కప్పేస్తుంది. పోస్టర్ కలర్ దానికి చవక చుట్టం, సుద్ద పాలు ఎక్కువ. అక్రిలిక్‌లో బంక ఒక రకం ప్లాస్టిక్. నీళ్ళు ఆవిరవగానే దాని రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారతాయి, ఇక కరగవు. నూనెరంగులో అవిసె నూనె ఉంటుంది. అది ఆవిరి కాదు, గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని గట్టిపడుతుంది. రోజులు, ఒక్కోసారి వారాలు పట్టేది అందుకే. ఆయిల్ పాస్టెల్‌లో మైనం, ఎప్పటికీ ఆరని నూనె ఉంటాయి.

ఈ నాలుగు మాటలు గుర్తుంటే కింది ప్రశ్నల్లో సగానికి జవాబు మీకే తడుతుంది.

ఒకటి బాగా వచ్చాకే ఇంకోటి పట్టుకోవాలా?

అక్కర్లేదు. కానీ ఒకే నెలలో నాలుగు మొదలుపెడితే ఏది ఎందుకు పాడైందో తెలియదు. ఒక్కో దానితో కనీసం పది చిన్న బొమ్మలు, పోస్ట్‌కార్డు సైజువి, వేసి చూడండి. ఒక నోటుపుస్తకంలో ప్రతి రంగునూ అంగుళం గడిలో పూసి, పక్కన తేదీ, కాగితం పేరు, ఎంత నీళ్ళు కలిపారో రాసుకోండి. ఆరు నెలల తర్వాత ఆ పుస్తకం ఏ వీడియో కన్నా ఎక్కువ పనికొస్తుంది.

ఒకదాని మీద ఇంకోటి వేయవచ్చా?

ఎండిన అక్రిలిక్ మీద నూనెరంగు వేయవచ్చు. నూనెరంగు మీద అక్రిలిక్ వేయకూడదు, కొన్నాళ్ళకు పొలుసులా లేచిపోతుంది. పల్చని నీటిరంగు మీద కలర్ పెన్సిల్, సాఫ్ట్ పాస్టెల్ చక్కగా కుదురుతాయి. ఆయిల్ పాస్టెల్ మీద నీటిరంగు నిలవక పక్కకి జారిపోతుంది. ఇది లోపమే కాదు, వాడుకోదగ్గ గుణం కూడా: ముందు తెల్ల ఆయిల్ పాస్టెల్‌తో వానచినుకులు గీసి, పైన నీలం పూస్తే చినుకులు తెల్లగానే మిగులుతాయి. గౌష్ మీద గౌష్ వేసేటప్పుడు కింది పొర కరిగి కలుస్తుంది కాబట్టి రెండో పొరలో నీళ్ళు తగ్గించి, ఒక్క గీతలో వేసి కుంచె తీసేయాలి.

మొదటిసారి ఏం కొనాలి?

24 రంగుల పెట్టె కన్నా ఆరు మంచి ట్యూబులు మేలు: చల్లని పసుపు (లెమన్), వెచ్చని పసుపు, నారింజ వైపు మొగ్గే ఎరుపు, గులాబీ వైపు మొగ్గే ఎరుపు, అల్ట్రామెరైన్, థాలో నీలం. ఏడోది కొంటే బర్న్ట్ సియెన్నా. అల్ట్రామెరైన్‌తో కలిపితే వానమబ్బు బూడిద రంగు దగ్గర్నుంచి నలుపు దాకా అన్నీ వస్తాయి, నల్ల ట్యూబు అవసరం ఉండదు.

డబ్బు తక్కువుంటే రంగు దగ్గర సర్దుకోండి, కాగితం దగ్గర వద్దు. స్టూడెంట్ రకం రంగుతో మంచి కాగితం మీద బొమ్మ వస్తుంది. ఖరీదైన రంగుతో చార్ట్ పేపర్ మీద రాదు. కుంచెలు మూడు చాలు: గుండ్రటివి 4, 8 నంబర్లు, అంగుళం వెడల్పు చదునుది ఒకటి.

కాగితం అప్పడంలా ముడుచుకుపోతోంది. ఏం చేయాలి?

జీఎస్ఎం చూడండి. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె చెబుతుంది. నీటిరంగుకి 300 వాడండి. 200 అయితే కాగితాన్ని రెండువైపులా తడిపి, చెక్కపలక మీద పరిచి, నాలుగు అంచులూ నీళ్ళతో అంటుకునే గోధుమరంగు గమ్ టేపుతో అతికించి పూర్తిగా ఎండనివ్వాలి. ఎండేకొద్దీ డోలు చర్మంలా బిగుస్తుంది. బొమ్మ అయ్యి, ఆరాకే టేపు కోయాలి. మాస్కింగ్ టేపు ఈ పనికి చాలదు, తడి కాగితం లాగే బలానికి ఊడిపోతుంది.

100 శాతం కాటన్ అని రాసి ఉన్నది నీళ్ళను ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. చెక్కగుజ్జు కాగితం త్వరగా ఆరిపోయి గీతలు చూపిస్తుంది. నేర్చుకునేటప్పుడు చవక కాగితంతో మొదలుపెట్టమని చాలామంది చెబుతారు. ఆకాశం వేయడం రానిది చేతికి కాదు, ఆ కాగితానికి అని తెలియక మానేసేవాళ్ళు ఎక్కువ.

నీటిరంగులో క్యాలీఫ్లవర్ లాంటి మచ్చలు వస్తున్నాయి.

పూత సగం ఆరిన దశలో తడి కుంచె పెట్టడం వల్ల. కాగితం మెరుస్తున్నంతసేపూ రంగు కలపవచ్చు. మెరుపు పోయి, తాకితే చల్లగా ఉన్నప్పుడు ముట్టుకోకూడదు. అప్పుడు పడిన నీళ్ళు అక్కడున్న రంగుపొడిని అంచులకు తోసేస్తాయి, ఆ అంచే మచ్చగా కనిపిస్తుంది. పూర్తిగా ఆరాక మళ్ళీ మొదలుపెట్టవచ్చు. పలక మీద అంచున నిలిచిన గుంట నీళ్ళు వెనక్కి పాకినా ఇదే జరుగుతుంది, పిండిన కుంచెతో ఆ నీళ్ళు తీసేయాలి.

రంగు బురదలా మారుతుంటే కారణాలు వేరు: ఒకే మిశ్రమంలో నాలుగైదు రంగులు, ఒకటే నీళ్ళ గ్లాసు, ఆగకుండా రుద్దడం. రెండు గ్లాసులు పెట్టుకోండి, ఒకటి కడగడానికి, ఒకటి కలపడానికి.

మే నెలలో అక్రిలిక్ పళ్ళెంలోనే ఎండిపోతోంది.

ఫ్యాన్ కింద అయితే ఐదు నిమిషాలు కూడా నిలవదు. మూత ఉన్న చదునైన ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, అడుగున తడిపిన స్పాంజ్ గుడ్డ పరిచి, పైన బేకింగ్‌కి వాడే పార్చ్‌మెంట్ కాగితం వేయండి. రంగు దాని మీద పెట్టాలి. కింది తేమ కాగితం గుండా పైకి వస్తూ ఉంటుంది. మూత పెడితే రెండు మూడు రోజులు మెత్తగానే ఉంటుంది. మైనం పూసిన కాగితం పనికిరాదు, తేమను పైకి రానివ్వదు.

నీళ్ళు చల్లి పలుచన చేసుకుంటూ పోవడం మాత్రం వద్దు. కాన్వాస్ మీద మరీ ఎక్కువ నీళ్ళు కలిపితే బంక పలుచబడి, గుడ్డతో తుడిస్తే రంగుపొడి ఊడి రావచ్చు. పలుచన కావాలంటే అక్రిలిక్ మీడియం, అంటే రంగుపొడి లేని ఆ బంకే, కలపాలి.

కలిపిన అక్రిలిక్ రంగు ఆరాక ముదురవుతోందేం?

తడిగా ఉన్నప్పుడు ఆ బంక పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితే పారదర్శకం అవుతుంది. తెలుపు పోయినంత మేరా రంగు ముదురుతుంది. నీటిరంగు ఇందుకు సరిగ్గా వ్యతిరేకం, ఆరితే లేతబడుతుంది. రెండూ వేసేవాళ్ళు ఇక్కడే తికమకపడతారు. కలిపిన రంగును ముక్క కాగితం మీద పూసి, ఆరాక చూసి వాడండి.

కుర్తా మీద వేసిన పువ్వులు రెండు ఉతుకులకే పోయాయి.

ముందు కొత్త గుడ్డను వేడినీళ్ళలో సబ్బుతో ఉతికారా? కొత్త నూలు గుడ్డకి గంజి ఉంటుంది. రంగు గంజికి అంటుకుంటుంది, గంజి పోగానే దానితోపాటు పోతుంది. గుడ్డల్ని మెత్తబరిచే ద్రవాలు ఆ ఉతుకులో వేయకూడదు.

మామూలు అక్రిలిక్ వాడితే రెండు పాళ్ళ రంగుకి ఒక పాలు ఫ్యాబ్రిక్ మీడియం కలపండి, లేకపోతే గుడ్డ అట్టలా బిర్రుగా అవుతుంది. ఫ్యాబ్రిక్ కలర్ అయితే అక్కర్లేదు. వేశాక 24 గంటలు ఆరనిచ్చి, గుడ్డ తిరగేసి, ఆవిరి లేకుండా నూలు వేడిమీద మూడు నుంచి ఐదు నిమిషాలు ఇస్త్రీ చేయాలి. ప్లాస్టిక్ రేణువులు దారంలోకి అతుక్కునేది ఆ వేడికే. తర్వాత మూడు రోజులు నీళ్ళు తగలనివ్వకండి. ఉతికేటప్పుడు లోపలివైపు బయటికి తిప్పి చన్నీళ్ళతో. పట్టు మీద, పాలిస్టర్ మీద ఇస్త్రీ వేడి తగ్గించి, ముందు అంచు ముక్క మీద చూసుకోవాలి.

కలంకారీ ఇంట్లో చేయవచ్చా?

అక్రిలిక్‌తో కలంకారీ బొమ్మను అనుకరించడం ఒకటి, కలంకారీ పద్ధతిలో వేయడం మరొకటి. రెండోది ఓపికుంటే ఇంట్లో చిన్న ముక్క మీద సాధ్యమే. ఇది పూత కాదు, రసాయన చర్య. రంగు గుడ్డ మీద కూర్చోదు, గుడ్డలో పుడుతుంది. కలంతో గీసేది శ్రీకాళహస్తి పద్ధతి. చెక్క అచ్చులతో అద్దేది మచిలీపట్నం పద్ధతి, పెడనలో ఇప్పటికీ నడుస్తోంది. ఇంట్లో మొదటిదే వీలు.

గుడ్డ: చలువ చేయని కోరా నూలుగుడ్డ ఒక మీటరు. నానబెట్టి, ఉడికించి, గంజి పోయేదాకా ఉతకండి. 30 గ్రాముల కరక్కాయ పొడిని కొద్ది నీళ్ళలో నానబెట్టి వడకట్టి, అర లీటరు చిక్కని గేదెపాలలో కలపండి. గుడ్డను అందులో ముంచి, ప్రతి పోగూ తడిసేలా పిసికి, పిండి, ఎండలో ఆరేయండి. లేత పసుపు తిరుగుతుంది. కరక్కాయలోని వగరు రంగును పట్టేది, పాలలోని వెన్న రంగును పాకకుండా ఆపేది. వెన్న తీసిన ప్యాకెట్ పాలు వాడితే గీత దూదిలా అలుక్కుపోయేది అందుకే.

నలుపు: మట్టికుండలో లీటరు నీళ్ళు, 100 గ్రాముల బెల్లం, రెండు గుప్పెళ్ళ తుప్పు పట్టిన మేకులు. గుడ్డ కట్టి రెండు మూడు వారాలు పులియనివ్వాలి. దీన్ని కసిమి అంటారు. కుండలో ఉన్నప్పుడు అది నలుపు కాదు. కరక్కాయ పట్టించిన గుడ్డను తాకాకే నల్లబడుతుంది. మరీ చిక్కగా ఉంటే ఏళ్ళు గడిచేకొద్దీ గీత ఉన్నచోటే గుడ్డ చివికిపోతుంది, ఇనుము నూలును తినేస్తుంది.

కలం: మొన చెక్కిన వెదురుపుల్లకి, మొనకి అంగుళం పైన, ఉన్నిగుడ్డో నూలుగుడ్డో ఉండలా చుట్టి దారంతో కట్టాలి. ద్రవం ఆ ఉండలో నిలుస్తుంది, వేళ్ళతో నొక్కే కొద్దీ మొనకి దిగుతుంది. ముందుగా చిత్తు గీతకి చింతపుల్లల బొగ్గు. దులిపితే పోతుంది.

ఎరుపు: ఎరుపు కావలసిన చోటల్లా పటిక నీళ్ళు పూసి ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత పారే నీళ్ళలో జాడించాలి. నిలవ నీళ్ళలో ముంచితే వదిలిన పటిక పక్కనున్న తెల్లచోట్లకి అంటుకుని, అక్కడా ఎరుపెక్కుతుంది. శ్రీకాళహస్తి పనివారికి స్వర్ణముఖి నది అందుకే అంత అవసరం, మీకు కుళాయి చాలు. ఆపైన మంజిష్ఠ వేసి ఉడికించిన నీళ్ళలో గుడ్డను మరిగిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు పడుతుంది. కోస్తాలో పూర్వం దీనికి చిరివేరు వాడేవారు. పసుపుకి దానిమ్మ తొక్కల కషాయం సరిపోతుంది. నీలిమందు తొట్టి ఇంట్లో పెట్టుకోవడం మొదటిసారికి వద్దు, దానికి మైనంతో మిగతా గుడ్డంతా కప్పాలి. వాసన గురించి కూడా ముందే చెప్పాలి: పాలు పట్టిన గుడ్డ రెండు రోజులు కమురు కంపు కొడుతుంది, బాల్కనీ లేని ఇంట్లో మొదలుపెట్టకండి.

ఇంట్లో చేసిన మట్టిముద్ద ఎండాక పగులుతోంది.

ఒక కప్పు ఫెవికాల్, ఒక కప్పు కార్న్‌ఫ్లోర్, ఒక పెద్ద చెంచా నూనె, ఒక పెద్ద చెంచా నిమ్మరసం కలిపి, సన్నసెగ మీద గిన్నె అంచులు వదిలేదాకా తిప్పే ముద్ద గురించి అయితే, పగుళ్ళకు మూడు కారణాలు. ఎక్కువ ఉడికించడం, ఫ్యాన్ కింద ఆరబెట్టడం, ఒకచోట మందం ఒకచోట పలుచన ఉండటం. పైపొర ముందు ఎండి కుంచించుకుంటే లోపలి తడిభాగం దాన్ని చీలుస్తుంది. సెంటీమీటరు మించిన మందం కావాలంటే లోపల అల్యూమినియం ఫాయిల్ ఉండ పెట్టండి. తడిగుడ్డ కప్పి ఒక రోజు, తెరిచి రెండు రోజులు ఆరనివ్వండి. పగిలినా ఫర్వాలేదు, అదే ముద్దను నీళ్ళలో మజ్జిగలా చేసి నింపవచ్చు.

కొండపల్లి బొమ్మల భాగాల్ని అతికే మక్కు, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపి చేసేది, దీనికన్నా తక్కువ కుంచించుకుంటుంది. పొట్టు గట్టి పీచు కాబట్టి. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తే జిగురు సిద్ధం. వానాకాలంలో రెండో రోజుకే పులుస్తుంది, ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి.

ఎండీఎఫ్ (చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసిన) పలక మీద లిప్పన్ పని (కచ్ ప్రాంతపు మట్టి, అద్దాల అలంకారం) చేస్తే పలక వంగిపోయింది.

ఒకవైపే తడి పూశారు. వెనకవైపు, అంచులు కూడా ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) వేసి మూయాలి. అద్దాలకి సన్నని ఫెవికాల్ చుక్క చాలు.

రెసిన్ మూడు రోజులైనా జిగటగానే ఉంది.

రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ అనే రెండు ద్రవాల పాళ్ళు తప్పాయి, లేదా కలపడం చాల్లేదు. సీసా మీద 2:1 అని ఉంటే అది కొలతకా, తూకానికా అని చూడండి. రెండు ద్రవాల బరువు ఒకటి కాదు కాబట్టి కొలతకి చెప్పిన పాళ్ళను తూకంలో వేస్తే తప్పుతుంది. గట్టిపడుతుందని హార్డెనర్ కాస్త ఎక్కువ పోయడం ఇంకా పెద్ద తప్పు, మిగిలిన హార్డెనర్ ఎప్పటికీ జిగటగానే ఉంటుంది.

మూడు నుంచి ఐదు నిమిషాలు నెమ్మదిగా, గోడలూ అడుగూ గీకుతూ కలపండి. తర్వాత ఇంకో కప్పులోకి ఒంపి మరో నిమిషం. మొదటి కప్పు గోడకి అంటిన కలవని రెసిన్‌ని గీకి బొమ్మ మీద వేయకండి, అక్కడక్కడ మెత్తని మచ్చలు వచ్చేది దానివల్లే. రంగు మొత్తం బరువులో 5 శాతం దాటకూడదు. అక్రిలిక్ రంగులో నీళ్ళుంటాయి, రెసిన్‌కి ఉద్దేశించిన రంగే మేలు. గాలిలో తేమ ఎక్కువైతే పైన జిడ్డు పొర తేలుతుంది. అదొక్కటే అయితే సబ్బునీళ్ళతో కడిగితే పోతుంది.

ఎండాకాలంలో సమస్య తలకిందులు. గది 38 డిగ్రీలుంటే కప్పులోనే వేడెక్కి, పొగలు కక్కి, రాయైపోతుంది. కొద్దికొద్దిగా కలిపి వెంటనే వెడల్పు పళ్ళెంలోకి ఒంపండి.

పెళ్ళి దండలు దాచుకునేవారికి: పువ్వులో తడి మిగిలితే రెసిన్‌లో గోధుమరంగుకి తిరుగుతుంది. సిలికా జెల్‌లో పూర్తిగా పూడ్చి కనీసం వారం ఉంచి, వేళ్ళ మధ్య గలగలలాడాకే వాడండి. గులాబీ, బంతి బాగా వస్తాయి. మల్లెపువ్వు ఎంత ఎండబెట్టినా తెల్లగా నిలవదు, ఆ మాట ముందే చెప్పి ఆర్డరు తీసుకోండి.

ఇక జాగ్రత్త. నైట్రైల్ రబ్బరు చేతితొడుగులు తప్పనిసరి. రెసిన్ చర్మానికి పదేపదే తగిలితే వచ్చే అలర్జీ ఒకసారి వస్తే పోదు. చేతికి అంటితే స్పిరిట్‌తో తుడవకండి, సబ్బుతో కడగండి. ఎన్95 మాస్కు గరుకుకాగితం రుద్దేటప్పుడు లేచే దుమ్మును ఆపుతుంది, వాసనను ఆపదు. పిల్లలు పడుకునే గదిలో ఈ పని వద్దు.

అపార్ట్‌మెంట్‌లో నూనెరంగులు వేయవచ్చా?

టర్పెంటైన్ లేకుండా వేయవచ్చు. కుంచెను గుడ్డతో తుడిచి, వంటనూనెతో కడిగి, తర్వాత సబ్బుతో. కింది పొరల్లో నూనె తక్కువ, పైపొరల్లో ఎక్కువ ఉండాలి, లేకపోతే పైది ముందు ఆరి పగులుతుంది. అవిసె నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకోగలవు. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ళు పోసిన డబ్బాలో వేసి మూతపెట్టండి.

లినో అచ్చు (చెక్కి ముద్ర వేసే లినోలియం పలక) మీద తెలుగు అక్షరాలు ఎలా చెక్కాలి?

తిరగేసి. ట్రేసింగ్ కాగితం మీద మెత్తని పెన్సిల్‌తో రాసి, బోర్లించి పలక మీద రుద్దితే అద్దంలో చూసినట్టు దిగుతుంది. ఒత్తులు, తలకట్లు సన్నగా ఉంటే చెక్కేటప్పుడు ఊడిపోతాయి, అక్షరం కనీసం రెండంగుళాలుండాలి. పలకను పది నిమిషాలు ఎండలో పెడితే మెత్తబడుతుంది. ఉలి ముందు రెండో చెయ్యి ఎప్పుడూ పెట్టకండి.

కుంచెలో అక్రిలిక్ ఎండిపోయింది.

70 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్‌లో పావుగంట ఉంచి, సబ్బుతో పిసకండి. వెంట్రుకల మొదట్లో, లోహపు పట్టీ లోపల ఎండితే మాత్రం ఆశ వదులుకుని దాన్ని జిగురుకి కేటాయించండి. కుంచెల్ని నీళ్ళ గ్లాసులో తలకిందులుగా నిలబెట్టే అలవాటే సగం కుంచెల్ని చంపేది.

రంగు ఎన్నేళ్ళు నిలుస్తుంది?

ఇంట్లోనే చూసుకోవచ్చు. రంగుల పట్టీ పూసి, సగం అల్యూమినియం ఫాయిల్‌తో కప్పి, ఎండ పడే కిటికీకి మూడు నెలలు అతికించండి. పీఆర్ 83 అని రాసి ఉన్న అలిజరిన్ క్రిమ్సన్, ఒపేరా గులాబీ, స్కెచ్ పెన్నులు ముందుగా వెలిసిపోతాయి. అమ్మే బొమ్మలో అవి వాడకండి.

వానాకాలంలో ఫ్రేములో బూజు పడుతోంది.

బొమ్మ అద్దానికి ఆనకూడదు, మధ్యలో మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) వల్ల వచ్చే ఖాళీ ఉండాలి. వాన కొట్టే గోడకి తగిలించవద్దు. తప్పకపోతే ఫ్రేము వెనక నాలుగు మూలలా బిరడా ముక్కలు అతికిస్తే గాలి ఆడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో వాడని కాగితాన్ని కూడా సిలికా జెల్ పొట్లంతో మూతపెట్టెలో ఉంచాలి. తేమ పట్టిన కాగితం మీద రంగు అక్కడక్కడ అద్దుడు కాగితంలా ఇంకిపోతుంటే పైనున్న జిగురుపూత పాడైనట్టు. దాన్ని స్కెచ్‌లకి వాడుకోండి.

నచ్చని బొమ్మలు ఏం చేయాలి?

నీటిరంగు కాగితం వెనకవైపు వాడవచ్చు, 300 జీఎస్ఎం అయితే హాయిగా. అక్రిలిక్ కాన్వాస్‌ని 220 నంబరు గరుకుకాగితంతో రుద్ది, రెండు పూతల జెస్సో (రంగుకి ముందు వేసే తెల్ల పూత) వేస్తే మళ్ళీ కొత్తది. నూనెరంగు కాన్వాస్ మీద మాత్రం మామూలు అక్రిలిక్ జెస్సో పూయకండి, ఎండిన నూనె మీద అది నిలవదు. దాని మీద మళ్ళీ నూనెరంగే వేయాలి.